అద్దాలు లేని వార్డులో చిన్న కెమెరా

కాలిన గాయాల వార్డులో అద్దం ఉండదు. చేతులు కడుక్కునే చోట గోడకు అద్దం పీకేసిన మచ్చ ఒకటి ఉంది, అంతే. కిటికీలకు తెల్లరంగు పూశారు. లోపలికి వచ్చేవాళ్ల ఫోన్లు గుమ్మం దగ్గరి సొరుగులో పెట్టించుకుంటారు. ఇదంతా పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి. కాలిన ముఖాన్ని చూసుకుంటే ఎవరైనా తిండి మానేస్తారు, తిండి మానేస్తే పుండు మానదు అంటాడాయన.

అందువల్ల ఆ వార్డులో ఒకరి ముఖం ఇంకొకరు చూడాల్సిందే. అలా చూసేవాళ్లలో ఫోటోగ్రాఫరు ఒకడు.

అతని పని పొద్దున కట్లు విప్పే వేళ. పాత కట్టు విప్పి కొత్త కట్టు వేసేలోగా గాయాన్ని ఫోటో తీయాలి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, గడ్డం కిందనుంచి ఒకటి. గాయం పక్కన కాగితం స్కేలు పెట్టాలి. ఫ్లాష్ వేయకూడదు. వేస్తే తడి చర్మం మెరిసిపోయి అసలు రంగు తెలియదు. ఆలస్యం అసలే చేయకూడదు. గాలి తగిలితే మంట. అంతసేపూ మంచం మీదున్నవాళ్లు పళ్లు బిగబట్టుకుని ఉంటారు.

ఎప్పుడు చూసినా ఒక కన్ను మూసి రెండో కన్ను కెమెరాకు ఆనించి కనపడతాడు కాబట్టి వార్డులో అతన్ని ఒంటికన్నాయన అంటారు. అతను ఏమీ అనుకోడు.

మూల మంచం మీద ఉన్న అమ్మాయి బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. ఇస్త్రీ బాయిలరు పగిలి ఆవిరి కొట్టింది. కుడిచెంప, దవడ, మెడ, కుడిచెయ్యి. అందరూ మిషనమ్మాయి అంటారు. ఆయా ఆమె కట్టు తడిపి మెల్లగా విప్పుతోంది.

"బాబాయ్, ఇవాళైనా చూపిస్తావా?" అంది అమ్మాయి.

"చూపించకూడదమ్మా."

"నా ముఖం మీరందరూ చూడొచ్చు, నేను చూడకూడదు. భలే బాగుంది."

"తగ్గుతోందిలే."

"అందరిదీ అదే మాట. ఎవరో కూర్చోబెట్టి నేర్పించినట్టున్నారు."

ఆయా నవ్వింది. ఫోటోగ్రాఫరు స్కేలు పెట్టి కెమెరా ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. భుజంలో ఏదో తెగినట్టయింది. చెయ్యి తనది కానట్టు జారింది. పెద్ద కెమెరా మెడ పట్టీకి వేలాడి ఊగి మంచం కడ్డీకి ఠంగున తగిలింది. అమ్మాయి మెడకీ దానికీ మధ్య జానెడు కూడా లేదు.

పెద్ద డాక్టరు పక్క మంచం దగ్గరే ఉన్నాడు.

"ఏమయ్యా, నిలబడి నిద్రపోతున్నావా?"

"చెయ్యి పట్టేసింది సార్."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇవాళే సార్."

అబద్ధం. వానలు మొదలైనప్పటి నుంచీ కుడిభుజం పైకి లేవడం లేదు. చొక్కా కూడా భార్యే తొడుగుతోంది. వేళ్ల చివర తిమ్మిరి.

"అది ఆమె మీద పడుంటే ఏమయ్యేది? నీ భుజం సంగతి నీది. నా పేషెంటు సంగతి నాది."

"చిన్న కెమెరా తెచ్చుకుంటాను సార్. జేబులో పట్టేది."

"చిన్నదో పెద్దదో నాకనవసరం. ఫోటోలో తేడా రాకూడదు. పుండు అంచు కనపడాలి, చర్మం రంగు ఉన్నది ఉన్నట్టు రావాలి. ఇంకోసారి ఇట్లాంటిది జరిగిందంటే మాత్రం నువ్వు రానక్కర్లేదు. మా కుర్ర డాక్టర్లే తీసుకుంటారు."

ఫోటోగ్రాఫరు తల ఊపాడు. కెమెరాను ఎడమచేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. కింద అంతస్తులో రక్తం శుద్ధి చేసే గది ఉంది. అక్కడ భార్య మిషనుకు కట్టేసినట్టు పడుకుని ఉంది. ఆమె మూత్రపిండాలు పోయాయి. బయటివాళ్లు ఆ గదిలో మంచం కోసం వరుసలో ఉంటారు. వరుస కదలకముందే ప్రాణం పోయినవాళ్లున్నారు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల ఇంటి మనిషికి వరుస లేదు. అతనికి పని ఉన్నంతకాలం ఆమెకు మంచం ఉంటుంది.

"ముఖం అట్లా ఉందేంటి?" అంది భార్య.

"కెమెరా మార్చాలి."

"పిల్లలు లేని లోటు దాంతో తీర్చుకున్నారు. దాన్ని మారుస్తారా?"

"మోయలేకపోతున్నా."

గొట్టంలో రక్తం పోతూ ఉంది, వస్తూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కెమెరాల దుకాణానికి వెళ్లాడు. ఆమె కూడా వస్తానంది. దుకాణంలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఫోటోగ్రాఫరు పెద్ద కెమెరాను బల్ల మీద పెట్టాడు. దుకాణదారు దాన్ని తిప్పి చూసి పెదవి చప్పరించాడు.

"ఇది ఇచ్చేసి చిన్నది తీసుకుంటారా? ఏనుగును ఇచ్చి మేకను తోలుకెళ్లినట్టుంటుంది."

"మేకయితే నాతో నడుస్తుంది. ఏనుగును నేను మోయాల్సొస్తోంది."

దుకాణదారు నవ్వి మూడు కెమెరాలు తీసి పెట్టాడు.

మొదటిది సబ్బుబిళ్లంత ఉంది. బరువే లేదు. మీట నొక్కితే ముక్కు పొడవుగా బయటికొచ్చి వీధి అవతలి బోర్డు మీది అక్షరాలు చూపించింది. ఫోటోగ్రాఫరుకు వీధి అవతలితో పని లేదు. దాన్ని తీసుకుని దుకాణం వెనక గదిలోకి, వెలుతురు తక్కువున్న చోటికి వెళ్లాడు. అక్కడున్న గోనెసంచిని ఫోటో తీసి పెద్దది చేసి చూశాడు. దారాలు దారాలుగా లేవు. నానబెట్టిన అట్టలా ఉంది. వార్డులో కిటికీలకు రంగు పూసి ఉంటుంది. అక్కడ పుండు అంచు ఇట్లాగే కలిసిపోతుంది. పక్కన పెట్టేశాడు.

రెండోది చూడ్డానికి బాగుంది. గోనెసంచిలో పురికొసలు కూడా లెక్కపెట్టేట్టు చూపించింది. కానీ దాని కన్ను ముందుకీ వెనక్కీ జరగదు. ముఖం నిండా రావాలంటే మనమే దగ్గరికి పోవాలి. భార్య ముఖానికి దగ్గరగా పెట్టి ఒకటి తీశాడు.

ఆమె తెరలో చూసి, "ఇదేంటి, ముక్కు ఒక్కటే నాది, మిగతాది ఎవరిదో," అంది.

"దగ్గరికి పోతే అట్లాగే సాగదీస్తుంది మేడమ్," అన్నాడు దుకాణదారు.

పనికిరాదు. డాక్టరు వారం వారం ఫోటోలు పక్కపక్కన పెట్టి కొలుస్తాడు. కొలతలు అబద్ధమైతే పనే అబద్ధం.

మూడోది కొంచెం లావు. అయినా జేబులో పట్టింది. రెండడుగులు వెనక నిలబడ్డా గోరు అంచు తేటగా వచ్చింది. వెనక గదిలోనూ దారం దారంలాగే ఉంది. దుకాణదారు గడ్డం మీద పొద్దున గీసుకున్నప్పుడు తెగిన గాటు ఉంది. దాన్ని తీసి చూస్తే ఎండిన చోటు నల్లగా, ఎండని చోటు ఎర్రగా, వేరువేరుగా కనపడింది.

ఒకటే లోటు. కన్ను ఆనించే కిటికీ లేదు. వెనక తెరలో చూసే తీయాలి. తెరలో చూడాలంటే రెండు చేతులూ ముందుకు చాపాలి. ఫోటోగ్రాఫరు చాపాడు. భుజం పీకింది. పళ్ల మధ్యనుంచి గాలి పీల్చి కెమెరా కింద పెట్టేశాడు.

"కావాల్సిన ఒక్కటీ లేదు," అన్నాడు.

"ఆగండి. అంత తొందరేంటి?" దుకాణదారు తెర అడుగున గోరు పెట్టి పైకి లాగాడు. తెర విడివడి ఆకాశంకేసి లేచింది. "పొట్ట దగ్గర పట్టుకోండి. కిందకి చూడండి, బావిలోకి చూసినట్టు. భుజంతో పనేముంది?"

ఫోటోగ్రాఫరు మోచేతులు డొక్కలకు ఆనించి, కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి చూశాడు. తెరలో భార్య స్టూలు మీద కూర్చుని కనపడింది. భుజం నొప్పి లేదు.

"బొడ్డుతో చూసి తీస్తున్నట్టున్నారు," అంది ఆమె.

అతను నవ్వాడు. చాన్నాళ్లకు.

పెద్ద కెమెరా బల్ల అవతలికి పోయింది. ఇక వెనక్కి తీసుకునేది లేదు. ఆ తెర ఇంకా ఎంతవరకు తిరుగుతుందో అతను చూడలేదు. తనకు కావలసినంత తిరిగింది, చాలనుకున్నాడు.

మొదటిరోజు వార్డులో గోల. చేతులు కాలిన ముసలాయన ఒకడు, "ఏమయ్యా, పెద్దదాన్ని అమ్ముకు తిన్నావా?" అన్నాడు. సిస్టరమ్మ కెమెరాను స్పిరిటుతో తుడిచి, "ఇదయితే తుడవడానికి హాయి, దానికి సందులు ఎన్నో" అంది. మిషనమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది.

"అబ్బో, బాబాయ్‌కి రెండు కళ్లున్నాయే!"

చప్పుడే లేదు కెమెరాకు. తీసిన సంగతి కూడా తెలియడం లేదు. తీసేశాను అని అతనే చెప్పాల్సొచ్చింది. సాయంత్రం డాక్టరు తన గదిలో కంప్యూటరు మీద ఫోటోలు పెద్దవి చేసి చూశాడు. చెంప మీద కొత్త చర్మం లేస్తున్న గులాబీ అంచు దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఊఁ. పనికొస్తుంది," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఫోటోగ్రాఫరు మెట్లు రెండేసి దిగాడు. భార్యకు చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

ఆ తర్వాతి పొద్దున వాన ముసురు పట్టి ఉంది. భుజం నొప్పి మెడదాకా పాకింది. వేళ్లు మొద్దుబారాయి. మిషనమ్మాయి కట్టు విప్పి ఆయా తొట్టి తేవడానికి వెళ్లింది. సిస్టరమ్మ అటు తిరిగి గుడ్డ కత్తిరిస్తోంది. ఎదుటి ఫోటో అయింది. పక్క ఫోటో అయింది. గడ్డం కిందది మిగిలింది.

అమ్మాయిని దిండ్లకు ఆనించి సగం కూర్చోబెట్టారు. అతను కెమెరాను ఆమె ఎదురుగా పరుపు అంచుకు దించాడు. ఎడమచేత్తో దవడ పక్కన స్కేలు పట్టుకున్నాడు. కుడి బొటనవేలితో తెరను పైకి తోశాడు. వేలికి స్పర్శ లేదు. ఎక్కడ ఆగాలో వేలికి తెలియలేదు. తెర ఆగలేదు. లేచి, కెమెరా నెత్తి మీదుగా పూర్తిగా తిరగబడింది.

అతను స్కేలు సర్దుతున్నాడు. సర్ది తెరకేసి చూశాడు. తెర ఉండాల్సిన చోట దాని నల్లటి వీపు ఉంది.

తెర ఎటు చూస్తోందో అప్పుడు అర్థమైంది.

అమ్మాయి కదల్లేదు. ఊపిరి కూడా వదల్లేదు. ఒక కన్ను పెద్దదయింది. రెండోది వాపుతో పెద్దది కాలేకపోయింది.

"అది నేనేనా?" అంది.

అతను చేతిని లాక్కున్నాడు. తెర మూయబోతే మూసుకోలేదు. కెమెరాను పొట్టకు బోర్లించి పట్టుకున్నాడు.

"బాబాయ్, నా చెంప ఏది?"

ఆయా తొట్టితో వచ్చింది. అమ్మాయి గోడవైపు తిరిగిపోయింది.

ఆ రోజు ఆమె తినలేదు. పాలు కూడా ముట్టలేదు. గుమ్మం అవతల తల్లి నిలబడి చెయ్యి ఊపితే ఇటు తిరగలేదు. మర్నాడూ అంతే. మందు బిళ్ల నోట్లో పెడితే అది పెదవి మీదే ఉండిపోయింది. ఫోటోలకు రానివ్వలేదు. ఫోటోగ్రాఫరు మిగతా మంచాల దగ్గర పని చేసుకున్నాడు. మూల మంచంవైపు చూడలేకపోయాడు. చూడకుండానూ ఉండలేకపోయాడు.

ఆమె తన ముఖం చూసుకుందని డాక్టరుకు తెలిసిపోయింది. ఇట్లాంటివి ఆయన ఇదివరకు చూశాడు.

"అద్దం ఎవరు తెచ్చారు?"

ఎవరూ తేలేదన్నారు. దిండు కింద వెతికారు, పరుపు ఎత్తి చూశారు. మూల మంచం పక్క కిటికీ గట్టు మీద ఆయా స్టీలు డబ్బా ఉంది. డాక్టరు దాని మూత తీసి తన ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

"ఇది ఇక్కడెందుకుంది?"

"తినే డబ్బా సార్. ఆ మూతలో నా ముఖమే నాకు కనపడదు. అన్నీ గీతలే. పీచు పెట్టి తోముతాను కదా."

"గీతల్లో కనపడింది చాలు. వార్డులో ఇట్లాంటివి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? రేపటి నుంచి రావొద్దు."

"సార్, దేవుడి మీద ఒట్టు. ఆ పిల్లకు నేను నీళ్లు పోశాను, దొడ్డికి తీసుకెళ్లాను, నేనెందుకు చూపిస్తాను సార్?"

డాక్టరు మూత బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. ఆయా డబ్బాకు మూత పెడుతూ ఉంటే అది సరిగా కూర్చోలేదు. మళ్లీ మళ్లీ పెట్టింది. ఫోటోగ్రాఫరు పక్కనే ఉన్నాడు. జేబులో కెమెరా ఉంది. నోరు తెరిస్తే ఆయా పని నిలబడుతుంది. తెరిస్తే కింద మంచం పోతుంది. నోరు తెరవలేదు.

కిందికి వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఏం పారేసుకొచ్చారు?" అంది ఆమె.

చెప్పాడు. తెర, అమ్మాయి, ఆయా, డబ్బా మూత. ఎప్పుడూ అంతసేపు మాట్లాడినవాడు కాదు. మిషను చక్రం తిరుగుతూ ఉంది.

"చెప్పకండి," అంది.

అతను తలెత్తి చూశాడు.

"చెప్పకండి. ఆయాకు ఇంకోచోట పని దొరుకుతుంది. నాకు ఇంకోచోట మంచం దొరకదు."

తర్వాత ముఖం అటు తిప్పుకుంది. కాసేపటికి దిండులోంచే అంది, "నేనిట్లా అన్నానని ఎవరితోనూ అనకండి."

ఇంటికి వెళ్లాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున ఆమె అతని చొక్కా తొడిగింది. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి చొక్కా చేతిలోకి దూర్చింది. గుండీలు పెట్టింది. పై గుండీ దగ్గర ఆమె చేతులు ఆగాయి.

"మీరు చెప్పేసేట్టున్నారు," అంది.

"ఊఁ."

ఆమె ఆ గుండీ కూడా పెట్టింది.

డాక్టరు గదిలో నిలబడే చెప్పాడు. కెమెరా తీసి తెర తిప్పి చూపించాడు. డాక్టరుకు ఆయన ముఖమే అందులో కనపడింది. చప్పున తల పక్కకు తిప్పుకున్నాడు.

"రెండు రోజులు ఏం చేశావు?"

"భయపడ్డాను సార్."

"ఆయాను పిలిపిస్తాను. నువ్వు మాత్రం ఇంక రావద్దు."

ఆయా మధ్యాహ్నానికి వచ్చింది. మెట్ల దగ్గర ఎదురుపడింది. దండం పెడుతుందేమో అని అతను తల దించుకున్నాడు.

"నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా అప్పుడు?" అంది. "నా మొగుడు నన్ను దొంగను చూసినట్టు చూశాడు ఇంట్లో." చీర చెంగు బిగించుకుని పైకి వెళ్లిపోయింది.

భార్యకు ఆ మర్నాడు మంచం ఉంది. ఆ తర్వాతిది ఉండేదీ లేనిదీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అతను ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మిషను ఆపేవేళ దగ్గరపడుతుంటే ఆయా పరుగులాంటి నడకతో వచ్చింది.

"నిన్ను రమ్మంటున్నారు. కెమెరా ఉందా?"

"ఎవరు?"

"డాక్టరు. అంటే ఆయన కాదు, ఆ పిల్ల. ఆయన చేత రమ్మనిపించింది."

పైన మూల మంచం చుట్టూ అందరూ ఉన్నారు. కుర్ర డాక్టరు మెడలో తన సొంత కెమెరా వేసుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. అమ్మాయి దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. చర్మం అతికించే ఆపరేషను దగ్గరపడింది. ముందు ఫోటోలు లేకుండా డాక్టరు కత్తి పట్టడు.

"వచ్చాడమ్మా," అంది సిస్టరమ్మ.

దుప్పటి కళ్లదాకా దిగింది.

"బాబాయ్, అది తెచ్చావా? తిరిగేది?"

"తెచ్చా."

"నాకు కనపడేట్టు పెట్టి తియ్యి. అట్లా అయితే తీయనిస్తా."

డాక్టరు మంచం కడ్డీ పట్టుకున్నాడు. "చూశావు కదమ్మా, ఏమయిందో. రెండు రోజులు పచ్చినీళ్లు ముట్టలేదు నువ్వు."

"ఇవాళ పాలు తాగాను. సిస్టరమ్మనడగండి." అమ్మాయి అక్కడితో ఆగలేదు. "దారిన పోయే డాక్టర్లందరూ చూశారు నా ముఖం. పుస్తకాల్లో వేస్తారంట. నేను ఒక్కసారి చూశాను, అదీ పొరపాటున. కళ్లు మూసుకుంటే అదే కనపడుతోంది. సగమే చూశాను, మిగతా సగం ఎట్లా ఉందో నేనే ఊహించుకుంటున్నా. ఊహించుకునేది ఇంకా ఘోరంగా ఉంది సార్."

కుర్ర డాక్టరు మెడలోంచి కెమెరా తీసేశాడు.

డాక్టరు ఫోటోగ్రాఫరుకేసి తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"ఈ అమ్మాయి ముఖం మానేదాకా రా. అంతవరకే. తర్వాత సంగతి తర్వాత."

అంతవరకే. ఫోటోగ్రాఫరుకు ఆ మాట భుజం నొప్పికన్నా లోపల తగిలింది. ముఖం మానేదాకా పని. పని ఉన్నదాకా మంచం. తల ఊపాడు.

ఆయా కట్టు తడిపి విప్పింది. అతను కెమెరాను పరుపు అంచున పెట్టి తెరను పూర్తిగా తిప్పాడు. ఈసారి కళ్లతో చూసి తిప్పాడు. దాని నల్లటి వీపు తనవైపు వచ్చింది. ఇక అతనికి ఏమీ కనపడదు.

అమ్మాయి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. పళ్లు బిగించింది. కట్టు లేని చోట కండ అదిరింది. ఒక చుక్క నీరు బాగున్న చెంప మీదుగా జారింది. ఆయా తుడవబోతే వద్దని వేలు ఊపింది.

"కుడివైపుకి జరుపు బాబాయ్. చెవి తెరలో రావట్లేదు."

జరిపాడు.

"మరీ అంత కాదు. ఆఁ. స్కేలు అడ్డమొస్తోంది, కిందకి దించు."

దించాడు.

"తొందరగా మానుతుందా బాబాయ్?"

రోజూ చెప్పే మాట ఉంది, తగ్గుతోందిలే అని. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కింద అంతస్తులో మిషను ఆపి ఉంటారు, భార్య లేచి కూర్చుని చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది.

"తొందరగానే మానాలి," అన్నాడు.

"అయితే కదలకుండా పట్టుకో. ఇప్పుడు దవడ మొత్తం వచ్చింది." అమ్మాయి గడ్డం ఎత్తి తెరలోకి సూటిగా చూసింది. "నొక్కు."

నొక్కాడు.